సవతి బిళ్ల మీద రోము రాజు

గద్వాల కోటకు కొంచెం దూరంలో మా దుకాణం ఉండేది. దుకాణం అంటే ఒక అరుగు, దాని మీద కుంపటి, ఇనప దాగలి, నేను. మాది కంసాలి పని. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అవుసులాయన అంటారు. కడియాలు, మెట్టెలు, మొలతాళ్లు ఎవరైనా చేస్తారు గాని వెండి మీద ముఖం చెక్కడంలో నాకు పేరుండేది. అమ్మవారి ముఖాల కోసం నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆ పేరే నా కొంప ముంచిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ముందు నా సోమరితనం, తర్వాత నా పిరికితనం. మునిగింది కూడా నా కొంప కాదు.

ముఖాల పనిలో నాకు ఎక్కువగా వచ్చేది సవతి బిళ్ల. భార్య ముత్తైదువగా పోయి, మగవాడు మళ్లీ పెళ్లి చేసుకుంటే, కొత్తగా వచ్చినామె పోయినామె ముఖం చెక్కిన చిన్న వెండి బిళ్లను పుస్తెలతో పాటు మెడలో వేసుకోవాలి. పోయినామె కాలి మెట్టెలను కరిగించే ఆ బిళ్ల చేయాలి. పండక్కి కొత్త చీర తెస్తే ముందు దాని కొంగు బిళ్లకు తాకించాలి. బిళ్లకు నూనె రాయాలి, పసుపు పెట్టాలి, పాయసం చుక్క అంటించాలి. ఇవన్నీ తప్పితే పోయినామె అలిగి ఆ కడుపున కాయ కాయనివ్వదని అందరి నమ్మకం.

వెండి ఇచ్చినవాళ్లు కరిగించేటప్పుడు నా ఎదురుగా కూర్చుని కళ్లార్పకుండా చూస్తారు. కంసాలిని నమ్మి వెండి వదిలి వెళ్లే అమాయకులు మా వైపు లేరు. సవతి బిళ్లకు మాత్రం మినహాయింపు ఉండేది. మెట్టెలు నిప్పులో పడే దగ్గర్నుంచి బిళ్ల మీద కళ్లు తెరిచేదాకా ఇంటివాళ్లు ఎవరూ చూడకూడదు. ఆ నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. దాన్ని నా దొంగతనానికి తెరగా వాడుకున్నది నేను.

తెల్లదొరల పెద్ద యుద్ధం ఇంకా రాని రోజులు. వనపర్తి వైపు ఒక ఊళ్లో బావి తవ్వుతుంటే కూలీలకు ఒక చిన్న కుండ దొరికింది. భూమిలో దొరికింది సర్కారుదని వాళ్లందరికీ తెలుసు. తెలుసు గనకే పంచుకుని తలా ఒక దిక్కు పోయారు. వాళ్లలో ఒకతను తలగుడ్డ మడతలో తొమ్మిది వెండి బిళ్లలు తెచ్చి నా ముందు పెట్టాడు. వాటికి బదులు అతని భార్యకు కడియాలు చేసిచ్చాను. ఎవరి కంటా పడకముందే కరిగించేయడం మా వృత్తిలో తెలివైన పని. నేను ఐదు కరిగించాను. నాలుగు కరిగించడానికి చేయి రాలేదు.

ఆ ముఖాన్ని ఎలా చెప్పాలి? పక్కకు తిరిగిన మగవాడి తల. గడ్డం లేదు, మీసం లేదు. నుదుటి నుంచి దిగిన పొడుగాటి నిటారు ముక్కు, కొంచెం విడిగా ఉన్న పెదవులు, చెవి తమ్మె కూడా విడిగా కనిపించేంత పనితనం. తలచుట్టూ సన్నటి ఆకుల పట్టీ. దాని ముడి కొసలు రెండు మెడ మీదికి పాముల్లా జారుతున్నాయి. చుట్టూ అక్షరాలు. తిప్పితే కుర్చీ మీద కూర్చున్న ఒక స్త్రీ. ఒక చేతిలో పొడుగాటి కర్ర, ఇంకో చేతిలో ఆకుల రెమ్మ, మోకాళ్ల మీద బట్ట మడతలు. చిటికెన వేలి గోరంత చోటులో ఇంత పని చేసిన మనిషి ఎవడో, వాడి ముందు నేను కుంపటి బూడిద ఎత్తేవాణ్ణనిపించింది. ఆ నాలుగింటిలో మూడింటి ముఖాల మీద ఉలితో కొట్టిన గాట్లు ఉన్నాయి. గాటు లేని నాలుగోది కొంచెం అరిగింది. అన్నింటికంటే బాగున్న ముఖానికి కూడా చెవి వెనక నుంచి గొంతుదాకా లోతైన గాటు.

బడిలో చరిత్ర చెప్పే పంతులుగారు ఉంగరం సరిచేయించుకోవడానికి వచ్చినప్పుడు అది చూపించాను. సోమశిలలో నది స్నానానికి పోతే ఇసుకలో దొరికిందని చెప్పాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, వెలుగుకు పట్టి, చాలాసేపు చూశారు.

"ఇది రోము రాజు బొమ్మ. రెండువేల ఏండ్ల కిందటిది. మన మిరియాలకు, మన బట్టలకు వాళ్లు గీ వెండి తెచ్చి పోసిండ్రు."

"మరి వెనక ఆడామె ఎవరు సారూ?"

"వాళ్ల శాంతి దేవత అంటరు కొందరు. రాజు తల్లి అని కొందరు."

"గీ గాటేంది?"

"లోపల రాగి ఉన్నదేమో అని కొట్టి చూసుంటరు. నీ అసోంటోడే ఎవడో కొట్టుంటడు," అని నవ్వి, లేస్తూ, "సర్కారు కచేరీల ఇచ్చెయ్యి. ఇంట్ల పెట్టుకోకు," అన్నారు. అలాగేనన్నాను. ఇవ్వలేదు.

మల్దకల్ దారిలో ఉన్న ఒక ఊరి నుంచి ఒక తల్లీ కొడుకూ వచ్చింది ఆ ఏటి పెళ్లిళ్ల కాలంలోనే. మెట్ట సేద్యం చేసుకునే కుటుంబం. కొడుకు భార్య జ్వరంతో పోయి ఏడాదైంది. అయిజ వైపు పిల్లను మాట్లాడుకున్నారు. తల్లి కొంగు ముడి విప్పి కోడలి మెట్టెలు నా అరచేతిలో పెట్టింది.

"తమ్మీ, మంచిగ చెయ్యి. నా కోడలు బంగారమసోంటిది. ముక్కు గిట్ల సూటిగ ఉంటుండె."

పెళ్లి పందిరి వేసే రోజుకు ఇస్తానన్నాను. ముఖం చెక్కడం మూడు రోజుల పని. మొదటి రెండు రోజులూ నేను కూర్చోలేదు. మూడో రోజు పొద్దున ఇంకో ఊరి నుంచి ఒక పెళ్లికూతురి తండ్రి వచ్చి, తనకు చేసిస్తానన్న మెట్టెల కోసం అరుగు మీద బైఠాయించాడు. అవీ చేయలేదు. అతను అరవడం మొదలుపెట్టాడు. నేను లోపలికి వెళ్లి, పోయినామె మెట్టెలను చింతపండుతో తోమి, ఆకురాయితో గీతలు పోగొట్టి, మెరుగుపెట్టి తెచ్చి అతని చేతిలో పెట్టాను. అతను సంబరంగా వెళ్లిపోయాడు. ఆ పిల్ల, ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు, ఒక చచ్చిపోయిన మనిషి కాళ్ల నుంచి తీసిన మెట్టెలు పెట్టుకుని మెట్టినింట్లో అడుగుపెట్టింది. ఈ వాక్యం రాస్తుంటే నా చేతుల మీద నాకే రోత పుడుతోంది. ఆ రోజు పుట్టలేదు. ఒక పీడ వదిలిందనుకున్నాను.

మెట్టెల బరువూ రోము నాణెం బరువూ అటూ ఇటుగా ఒకటే. కాబట్టి వెండికి ఆశపడి చేశానని కూడా చెప్పుకోలేను. పెట్టె తెరిచి, బాగున్న ముఖం తీశాను. చుట్టూ ఉన్న అక్షరాలను ఆకురాయితో రుద్ది, చుక్కల అంచు కొట్టాను. ఆకుల పట్టీకి నడుమ పాపట గీశాను. నుదుట బొట్టు, ముక్కుకు ముక్కుపుల్ల, చెవి తమ్మెకు కమ్మ. జారుతున్న ముడి కొసలు సగం విప్పిన కొప్పులా కనిపించాయి. రోము రాజు ఒక్క మధ్యాహ్నంలో పాలమూరు ఇల్లాలయ్యాడు.

మిగిలింది గొంతు మీద గాటు. దాన్ని వెండితోనే పూడ్చాలంటే పెద్ద మంట కావాలి. పెద్ద మంట తగిలితే ఆ ముఖం కరిగి మసకబారుతుంది. ముఖం పాడవడం నాకు ఇష్టం లేదు. అందుకని తక్కువ వేడికి కరిగే సీసం, తగరం కలిపి గాటులో నింపి, రుద్ది, దాని మీద పూసల పేరులాగా చుక్కలు కొట్టాను. అది నిలవదని కంసాలి పిల్లలకు కూడా తెలుసు. కొంతకాలం నిలిస్తే చాలనుకున్నాను. వెనకవైపు స్త్రీనీ, ఆమె చుట్టూ ఉన్న అక్షరాలనూ ముట్టుకోలేదు. అవేమిటని అడిగితే అమ్మవారు, బీజాక్షరాలు అని చెప్పాలనుకున్నాను. అలాగే చెప్పాను.

పందిరి వేసే రోజున నేనే వాళ్ల ఊరికి తీసుకెళ్లాను. బిళ్ల చూసి ఆ తల్లి ఏడ్చింది. "అదే ముక్కు. గట్లనే ఉంటుండె నా బిడ్డ," అని ఆ నాణేన్ని ముద్దు పెట్టుకుంది. నన్ను పెళ్లికి ఆగమని బలవంతం చేసి, విస్తరి వేసి, భక్ష్యాల మీద నెయ్యి పోసి కొసరి కొసరి పెట్టింది. నాలుగు తిన్నాను. వేళ్లు నాకాను.

పెళ్లికూతురికి పదిహేడేళ్లుంటాయి. చురుకైన పిల్ల. నా చేతులతో బిళ్లను ఆమె పుస్తెల తాడుకు గుచ్చుతుంటే కిందికి వంగి చూసి, నాకే వినబడేట్టు అంది:

"అన్నా, నా సవితికి మీసాలొక్కటే తక్కువ."

నేను తాడు గబగబా బిగించాను. "గట్లనొద్దు చెల్లె," అన్నాను.

"తెల్లోళ్ల కల్దార్ రూపాయి మీది రాజు లెక్కున్నది. మా ఆయన ముందుగాల మొగోన్ని చేసుకున్నడా ఏంది?"

పక్కనున్న ఆడవాళ్లు కొంగులు అడ్డుపెట్టుకుని నవ్వారు. అత్త ఒక్కతే నవ్వలేదు.

మూడేళ్లు గడిచాయి. ఆ పిల్లకు కడుపు పండలేదు. బిళ్లకు మొక్కడంలో ఏదో తప్పు చేస్తోందని అత్త అనడం మొదలైందట. ఒక పండగ ముందు రోజు, జిడ్డుపట్టిన బిళ్లను తోమి తెమ్మని అత్తే చెప్పింది. కోడలు వాకిట్లో కూర్చుని చింతపండూ బూడిదా వేసి తోమింది. మూడేళ్ల నూనె, పసుపు, చెమట, ఆపైన పులుసు. నా సీసం ఊడిపోయింది. గొంతు తెగిన ముఖం ఆమె చేతిలో మిగిలింది. పక్కనే కూరగాయలు కోసుకునే కత్తిపీట ఉంది.

"సవితి గొంతు గోసింది," అని అత్త కేకపెట్టింది. వాడకట్టంతా వచ్చింది.

రెండో రోజు నాకు కబురొచ్చింది. బిళ్ల చేసినవాడే చూసి చెప్పాలని పెద్దమనుషులు అన్నారట. ఊరి చావిడిలో పది పన్నెండు మంది కూర్చుని ఉన్నారు. ఒక పక్క అత్త, ఆమె కొడుకు. ఇంకో పక్క స్తంభానికి ఆనుకుని ఆ పిల్ల, అయిజ వైపు నుంచి వచ్చిన ఆమె అన్న. అంతకుముందు ఆమె మెడలో ఉన్న బిళ్ల ఇప్పుడు ఒక తమలపాకులో నా ముందు ఉంది.

ఒక పెద్దమనిషి అడిగాడు. "అవుసులాయనా, నువ్వు ఇచ్చిననాడు గీ గాటు ఉండెనా?"

"లేకుండె," అన్నాను.

"మరి గిది ఎట్లయింది? కత్తితోనే కోసినట్టున్నదా, ఎట్ల?"

బిళ్లను చేతిలోకి తీసుకున్నాను. పసుపూ మక్కిన నూనే కలిసిన వాసన వేసింది. గాటు లోపల నల్లగా, పాతగా ఉంది. నిన్న కోసిన వెండి తెల్లగా మెరుస్తుంది. అక్కడ ఇంకో కంసాలి ఉంటే క్షణంలో చెప్పేవాడు. అక్కడ ఉన్న ఒక్క కంసాలిని నేనే. నిజం చెబితే తర్వాత ఏం అడుగుతారో నాకు తెలుసు. మరి మెట్టెలేవి?

"అన్నా," అంది ఆ పిల్ల. "జర మంచిగ చూడు. నేను ఒట్టి చింతపండే వెట్టిన. గిట్ల తోముతుంటే సీసం లెక్క ఏందో ముక్క ఊడింది. నీకు తెల్వదా?"

"సీసం ఎందుకుంటది?" అన్నాను నేను. "కత్తి గాటే. కొత్తదే."

ఆమె నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. లెక్క తెలిసిపోయిన మనిషి చూపు అది.

"గిది ఆడిదాని ముఖమే కాదు," అంది ఆమె పెద్దమనుషుల వైపు తిరిగి. "ఎనక అక్షరాలు చదివియ్యుండ్రి ఎవలతోనన్న. గీయన ఏందో మాయ జేసిండు."

"చూసిండ్రా, చచ్చినదాని మీద ఎంత కచ్చనో!" అని అత్త నెత్తి కొట్టుకుంది. భర్త లేచి, "ఇంగ సాలు. నాకు గీమె వద్దు," అన్నాడు. అక్షరాల మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను బీజాక్షరాలని చెప్పి ఉన్నాను గదా.

ఆ మధ్యాహ్నమే ఆమె అన్న ఆమెను తీసుకుని నడిచి వెళ్లిపోయాడు. ఊరి చివరిదాకా పిల్లలు "గొంతు గోసినామె" అని అరుస్తూ వెంట పడ్డారు. నేను ఇంటికొచ్చి, కుంపటి రాజేసి, మిగిలిన మూడు నాణేలూ మూసలో వేసి ఊదాను. ఆ ముఖాలు ముందు చెమట పట్టినట్టు మెరిశాయి. తర్వాత ముక్కులు జారాయి, తర్వాత ఏమీ లేదు. కరిగించడానికి ఇష్టం లేదని అంతకాలం దాచుకున్నవాణ్ణి, నా మెడ మీదికి వస్తే ఒక్క గడియ ఆలోచించలేదు. ఆ రోజు అన్నం కూడా తిన్నాను.

తర్వాత యుద్ధం వచ్చింది, వెళ్లింది. ఆ భర్త ఇంకో పిల్లను చేసుకున్నాడు. ఆమెకు కొడుకు పుట్టాడు. నాగర్‌కర్నూలులో మా బంధువుల ఇంట్లో పెళ్లికి పోతే అక్కడ కూడా ఎవరో ఈ కథ చెప్పుకుంటున్నారు, సవితి గొంతు కోసిన పిల్ల కథ. నన్ను చూసి, "గా బిళ్ల చేసింది నువ్వేనంట గద! ఎట్ల గుర్తువట్టినవ్?" అని అడిగారు. నేను గాటు గుర్తుపట్టే విద్య గురించి వాళ్లకు చెప్పాను. అవును, కూర్చుని వివరంగా చెప్పాను.

నన్ను కదిలించింది మల్దకల్ జాతర. గుడి బయట ముత్తైదువలు ఒకరికొకరు పసుపు కుంకుమ పెట్టుకుంటున్నారు. ఆ వరుసలో అయిజ పిల్ల ఉంది. చిక్కిపోయింది, ఎండకు కమిలిపోయింది, అయినా గుర్తుపట్టాను. ఆమె ఒకామెకు బొట్టు పెట్టబోతే, పక్కామె చెవిలో ఏదో ఊదింది. బొట్టు పెట్టించుకోబోయినామె ముఖం వెనక్కి లాక్కుని, "నీ చేతితోని నాకొద్దు," అంది. ఆ పిల్ల కుంకుమ వేలు అలాగే గాలిలో నిలబడింది. తర్వాత ఆ వేలిని తన చీరకు తుడుచుకుంది. నేను పక్కకు పోయి కక్కుకున్నాను. జాతర తిండి పడలేదేమోనని మా ఆవిడ అంది.

పది రోజుల తర్వాత అయిజ వైపు ఉన్న వాళ్ల ఊరికి పోయాను. అన్న ఇంటి వాకిట్లో ఆమె పల్లికాయ కొడుతోంది. నేను నిలబడే అంతా చెప్పాను. నాణెం, మెట్టెలు, సీసం, చావిడిలో చెప్పిన అబద్ధం. ఆమె చేయి ఆపకుండా వింది.

"రాజేనా?" అంది చివరికి. "నేను అననే అంటి."

"తప్పయింది చెల్లె."

"చెల్లె గిల్లె అనకు. నీ కడుపుల ఉన్నది కక్కుకుంటందుకు నా వాకిలే దొరికిందా? నాకు ముందుగాల తెల్వదా గిది? తెల్వనోళ్లకు చెప్పు పో. గా చావిట్ల చెప్పు."

పోయాను. దసరా ముందు, నలుగురూ కూర్చునే వేళ చూసి పోయాను. ఆ భర్త ఉన్నాడు. చావిడి అరుగు కిందనే నిలబడి మొదట్నుంచీ చెప్పాను. తర్వాత ఒక ముసలాయన అడిగాడు.

"గాదినం కొత్త గాటే అంటివి గద?"

"అబద్ధం చెప్పిన."

"మరి గియ్యాల చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె?"

చూపించడానికి నా దగ్గర ఇంకో నాణెం లేదు. "బిళ్ల తెప్పియ్యుండ్రి. ఎనక అక్షరాలున్నయి. బడి పంతులుకు చూపెడ్తే చెప్తడు," అన్నాను.

భర్త నవ్వాడు. "దాని అన్న ఏమన్న పెట్టిండా అన్నా నీకు? నా పెండ్లాం మెడల నుంచి తీసి నీ చేతికియ్యాల్నా?" అందరూ నవ్వారు.

ఇంతలో మాట ఇంట్లోకి పోయినట్టుంది. ఆ తల్లి కర్ర పట్టుకుని వచ్చింది. బాగా ముసలిదైపోయింది. వెనకాలే మూడో కోడలు, చంకలో కొడుకు. ఆమె మెడలో, పుస్తెల పక్కన, నా రాజు. పసుపుతో నిండిన ముఖం, పాయసం ఎండి కట్టిన పెదవులు. గొంతు గాటులో కుంకుమ నింపి ఉంది.

"నా కోడలు ముఖం మొగోనిదంటవా?" అంది ముసలామె. "నేను పదేండ్ల సంది ముద్దు పెట్టుకుంటున్నది ఎవన్ని? చెప్పు, ఎవన్నిరా?"

రోము రాజునని చెప్పాలి. ఆమె కళ్లు చూసి నోరు రాలేదు. నమ్మితే ఆమెకు ఏం మిగులుతుంది? కోడలి మెట్టెలు ఎక్కడో ఎవరి కాళ్లకో ఉన్నాయి. తప్పు లేని పిల్లను తానే వెళ్లగొట్టింది. ఇదీ నేను ఆ క్షణంలో చేసుకున్న ఆలోచన. దయ లాంటి ఆలోచన. నిజానికి అది దయ కాదు. చుట్టూ ఉన్న మగవాళ్లు లేచి నిలబడ్డారు. నాకు దెబ్బలంటే భయం.

"నీ నోట్ల మన్నువడ," అని ఆమె నా ముఖం మీద ఉమ్మేసింది. తుడుచుకుని, చెప్పులు వేసుకుని, ఇంకో మాట అనకుండా వచ్చేశాను. ఊరు దాటాక నా నడక తేలిగ్గా ఉందని గమనించాను. చెప్పాల్సింది చెప్పేశాను, నమ్మకపోతే నా తప్పా అనుకుంటూ నడుస్తున్నాను. మెట్టెలు అమ్మినప్పటి కంటే, చావిడిలో అబద్ధం చెప్పినప్పటి కంటే, ఆ దారిలో ఆ తేలిక గుర్తొస్తే నాకు ఇప్పుడు ఎక్కువ అసహ్యం వేస్తుంది.

నెల తిరక్కుండా అయిజ వైపు నుంచి ఒకామె ముక్కుపుల్ల బిగింపించుకోవడానికి దుకాణానికి వచ్చింది. పని అయ్యాక లేచి, మళ్లీ కూర్చుంది.

"మా ఊరి పిల్ల నీకో మాట చెప్పుమన్నది."

"ఏమన్నది?"

"నమ్మలేదంట గద. ఇంకోపారి పోయి చెప్పుమన్నది. నమ్మేదాంక చెప్పుమన్నది."

"పోత అని చెప్పు," అన్నాను.

ఆమె ఆ మాట తీసుకుని వెళ్లింది. నేను పోలేదు. ఇది రాస్తున్న రోజుకు కూడా పోలేదు.